పదునైన చూపు

మ్యాపు మీద సంతకం పెట్టమన్నారు పైలట్ గారు.

రాత్రి పదకొండు దాటింది. జూనియర్ కాలేజీ గ్రౌండులో హెలికాప్టర్ రెక్కలను తాళ్లతో బిగించి ఉంచారు. వాన ఆగడం లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసి అప్పటికి రెండో రోజు. కోనసీమ లంకలన్నీ మునిగాయి. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరదను కళ్లారా చూసిన ముసలివాళ్లు ఏటిగట్టు మీద గొడుగులేసుకుని కూర్చుని, ఇది దానికి ఎంత తక్కువో ఎంత ఎక్కువో లెక్కలు కడుతున్నారు. బడి డాబాల మీద, మేడల మీద చిక్కుకున్న జనానికి తెల్లారగానే పులిహోర పొట్లాలూ మంచినీళ్ల ప్యాకెట్లూ జారవిడవాలి. ఆ చుట్టుపక్కల కరెంటు లైన్లన్నీ తెలిసిన మనిషి ఒకరు కావాలని హెలికాప్టర్ వాళ్లు అడిగారట. ఆ సబ్‌డివిజన్‌కి ఏడీఈని కాబట్టి నన్ను పంపారు.

గదిలోకి వెళ్తూనే నేను ధైర్యం చెప్పబోయాను.

“సార్, లంకల ఫీడర్లన్నీ నిన్న సాయంత్రమే ఆపించేశాను. ఏబీ స్విచ్‌లు తీయించి తాళాలు వేయించాను. ఒక్క వైరులో కూడా సప్లై లేదు. మీరు నిశ్చింతగా తిరగొచ్చు.”

ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. యాభై ఏళ్లుంటాయి. నావైపు జాలిగానో, ఓర్పుగానో చూశారు.

“సప్లై ఉంటే నాకేటండి, లేకపోతే నాకేటి? మీ లైన్‌మన్‌ని చంపేది కరెంటు. నన్ను చంపేది వైరు.”

పాతికేళ్ల సర్వీసులో నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. మా వృత్తిలో భయం ఒక్కటే, సప్లై. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నామా, స్విచ్ తీశామా, ఎర్త్ రాడ్లు తగిలించామా, అంతే. ఆ మూడూ అయ్యాక వైరు మాకు బట్టలారేసుకునే దండెంతో సమానం. దాన్ని చేత్తో పట్టుకుంటాం, భుజాన వేసుకుంటాం. ఆ చచ్చిన వైరే గాల్లో మనిషికి ప్రాణం తీసేదవుతుందని నాకు తట్టనే లేదు.

ఆయన టార్చిలైటు పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లయినా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“వైరు కనబడదండి. ఇది గుండెల్లో రాసుకోండి. కొత్తప్పుడు అల్యూమినియం మెరుస్తుంది. నాలుగు వానలు పడ్డాక మబ్బు రంగుకి తిరుగుతుంది. వెనక మబ్బు, కింద వరద నీళ్లు, మధ్యలో అదే రంగు వైరు. పైగా అడ్డంగా ఉన్న వైరు ఎంత దూరంలో ఉందో మన రెండు కళ్లూ కలిసి కూడా చెప్పలేవు. చెట్టుకి ఆకులుంటాయి, గోడకి మరకలుంటాయి, వాటిని బట్టి దూరం తెలుస్తుంది. వైరుకి ఏముంటుంది? కనబడిందీ అంటే అప్పటికే ముక్కు దగ్గరుందని అర్థం. అందుకని మేం వైరు కోసం వెతకం. స్తంభం కోసం వెతుకుతాం. స్తంభం కనబడితే దాని జోడీ ఎక్కడుందో చూస్తాం. ఆ రెండింటికీ మధ్య వైరు ఉందనే నమ్ముతాం, కనబడినా కనబడకపోయినా. దాటాల్సి వస్తే స్తంభం నెత్తి మీంచే దాటుతాం. అంతకంటే ఎత్తులో వైరు ఉండదు కదా.”

“పెద్ద టవర్ లైన్లయితే కనబడతాయి కదండీ?” అన్నాను.

“అవి ఇంకా మోసం. లావుపాటి కండక్టర్లు కనబడతాయి. వాటిని తప్పించుకుందామని పైకి లేస్తాం. ఆ పైన సన్నటి ఎర్త్ వైరు ఉంటుంది. అది కనబడదు. లేచి లేచి దాన్లోకే వెళ్తాం.”

ఆ ఎర్త్ వైరును పిడుగులు పట్టుకోవడానికి పెడతాం మేము. అన్నిటికంటే పైన, అన్నిటికంటే సన్నగా. లైన్లు పరీక్షించే రోజుల్లో వందలసార్లు తలెత్తి దాన్ని చూశాను. పైనుంచి వచ్చేవాడికి అదెలా ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

“మీ హెలికాప్టర్ ముక్కు మీద పైనా కిందా కత్తుల్లాంటివి ఉన్నాయి చూశాను. అవెందుకు మరి?”

“వైర్లు తెగ్గొట్టడానికే. కెనడాలో కనిపెట్టారు. వేగంగా వెళ్తూ సూటిగా వైరుకి ఎదురుపడితే, అది జారి ఆ దవడలో పడి తెగుతుంది. చాలామందిని కాపాడిందండి అది. కానీ మనం రేపు చేసే పని నిలబడి పొట్లాలు వేయడం. నిలబడ్డ హెలికాప్టర్‌కి కోసే ఊపు ఎక్కడిది? పక్కకి జరిగినా, వెనక్కి జరిగి తోక రెక్కకి తగిలినా ఆ కత్తులు ఏమీ చేయలేవు.”

ఆ తర్వాత మ్యాపు పరిచారు. నా దగ్గరున్న సెక్షన్ బొమ్మ పక్కన పెట్టుకుని, ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క లైనూ గీయడం మొదలుపెట్టాను. 33 కేవీ, 11 కేవీ, ఊళ్లలో ఎల్‌టీ. ఆయన అంతటితో ఊరుకోలేదు. కేబుల్ టీవీ వైర్లు ఎక్కడ పాయలు దాటుతున్నాయి, ఎత్తిపోతల మోటార్లకు లైన్లు ఎటు వెళ్లాయి, గుడి ధ్వజస్తంభం నుంచి జెండాల తాడు ఎక్కడికి కట్టారు, ఫోను టవర్లకు స్టే వైర్లు ఉన్నాయా, అన్నీ అడిగారు. నేను లైన్‌మన్‌ని పిలిచాను. వాడు వెళ్లి కేబుల్ ఆపరేటర్‌ని నిద్ర లేపి తెచ్చాడు. అర్ధరాత్రి ముగ్గురం మ్యాపు మీద వంగి వైర్లు వెతికాం.

ఒకచోట ఆయన వేలు ఆగింది.

“ఈ చిన్న లంకకి లైను గీయలేదేం?”

“ఏటికోతకి సగం పైగా పోయింది సార్ అది. జనం కొత్త కాలనీకి వెళ్లిపోయారు. గుడి ఒక్కటే మిగిలింది. లైను లేదు.”

“ఇంకేమైనా ఉన్నాయా? బాగా ఆలోచించండి.”

“లేవు సార్. రికార్డులో ఉన్నవన్నీ గీశాను.”

“అయితే ఇక్కడ సంతకం పెట్టండి. తప్పుగా అనుకోవద్దండి. రేపు నా బతుకు ఈ పెన్సిల్ గీత మీద ఉంటుంది. అది ఎవరి గీతో నాకు తెలియాలి.”

కుడివైపు కింద మూలన, అదే ఎర్ర పెన్సిలుతో సంతకం పెట్టాను.

తెల్లారి ఆరున్నరకి మొదటిసారి లేచాం. ముందు ఇద్దరు పైలట్లు, వెనక తలుపు దగ్గర పొట్లాలు వేసే కుర్రాడు, రెవెన్యూ ఆఫీసు నుంచి ఒకాయన, నేను. మొత్తం ఐదుగురం. తలుపు తెరిచే ఉంచారు. నా చెవులకి హెడ్‌సెట్ తగిలిస్తూ ఆ కుర్రాడు, “సార్, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకోండి. గాలికి ఎగిరి ఏటిలో పడుద్ది” అన్నాడు. తీసి చొక్కా జేబులో పెట్టి బొత్తాం వేసుకున్నాను.

మొదటి రెండు విడతలూ సాఫీగా జరిగాయి. సాఫీగా అంటున్నాను గానీ, డాబా మీద నిలబడ్డ పిల్లలు రెక్కల గాలికి కూలబడిపోవడం, రేకులు లేచి ఎగిరిపోవడం, ఒకావిడ కొంగుతో పసిబిడ్డను కప్పి ఒంగిపోవడం... ఆ గాలి కింద నిలబడినవాళ్లకు అన్నం కూడా తుపానులాగే వస్తుంది. స్తంభం ఉన్నచోటల్లా పైలట్ గారు బిగ్గరగా చెప్పేవారు, “ఎడమ స్తంభం, దాని జోడీ కొబ్బరితోటలో, దాటుతున్నాం.” కో పైలట్ అదే మాట తిరిగి చెప్పేవాడు. ఆ వల్లెవేత వింటుంటే మా లైన్‌మన్లు సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి, ఎల్‌సీ నంబరు రెండుసార్లు పలికించుకోవడం గుర్తొచ్చింది.

మూడో విడతకి గాలి తిరిగింది. హెలికాప్టర్ గాలికి ఎదురుగా దిగాలి. పొద్దుట వచ్చిన దారిన కాకుండా పాయ వెంబడి కిందనుంచి రావాల్సి వచ్చింది. మబ్బు బాగా కిందికి దిగింది. దానికింద, రెండు వైపులా కొబ్బరిచెట్ల మధ్య, వరద పాయ మీదుగా వెళ్తున్నాం. మ్యాపులో ఆ పాయ మీద ఎర్ర గీత లేదు. “పాయ క్లియర్” అన్నాడు కో పైలట్. “పాయ క్లియర్” అన్నారు పైలట్ గారు.

గట్టు మీద నల్లటి ముద్దలా పెద్ద రావిచెట్టు. దానికి ఎదురుగా పాయకి అవతల తెల్లటి మచ్చ. గుడి.

“వైరు! ముందు వైరుంది! పైకి సార్, పైకి!”

నేను అరిచిన అరుపు హెడ్‌సెట్‌లో నా చెవులకే పగిలినట్టు వినిపించింది. ఆయన ఎందుకు, ఎక్కడ అని అడగలేదు. హెలికాప్టర్ ముక్కు ఆకాశంలోకి లేచింది. నా కడుపు కిందనే ఉండిపోయినట్టయింది. పొట్లాల బస్తాలు దొర్లాయి. తలుపు దగ్గర కుర్రాడు నడుముకి కట్టిన పట్టీకి వేలాడి నిలదొక్కుకున్నాడు. రెవెన్యూ ఆయన నా చెయ్యి పట్టుకున్న చోట గోళ్ల గుర్తులు వారం రోజులున్నాయి.

పైకి లేచి, చుట్టు తిరిగి వచ్చి, ఆయన కిందికి చూశారు. మబ్బు చీలికలోంచి క్షణంపాటు ఎండ పడింది. నీటికి నలభై అడుగుల ఎత్తున, పాయకి అడ్డంగా, మూడు వెంట్రుకలు మెరిశాయట. ఇవతలి స్తంభాన్ని రావికొమ్మలూ తీగలూ కప్పేశాయి. అవతలిది కొబ్బరిచెట్లలో వాటితోపాటే ఒరిగి, ఇంకో చెట్టులా ఉంది. స్తంభం చూసి వైరు పోల్చుకోవడానికి స్తంభమే లేదు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన గొంతు వినిపించింది.

“ఏడీఈ గారూ, మీకు దండం పెడతానండీ.”

కిందికి దిగాక రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు. “నా పక్కనున్న కుర్రాడివి ఇరవై ఏడేళ్ల కళ్లు. వాడికి కనబడలేదు. ముప్ఫై ఏళ్లుగా ఎగురుతున్న నాకు కనబడలేదు. వెనక సీట్లో కూర్చుని మీరెలా చూశారండీ? ఎంత పదునైన చూపు!” మ్యాపు తీసి చూశారు. “ఇందులో లేదే ఈ లైను?”

“పాత లైను సార్. రికార్డులో లేదు” అన్నాను.

“ఎక్కడో ఒకటి మిగిలిపోతుందిలెండి” అని, తన చేత్తో పాయకి అడ్డంగా గీత గీసుకున్నారు. ఆ పక్కనే ఉన్న మా లైన్‌మన్ నా మొహంలోకి ఒకసారి చూశాడు. తల దించుకుని, బస్తాలు మోయడానికి వెళ్లిపోయాడు.

నీళ్లు తీశాక, ఏరు పడవలకి లొంగిన మొదటి రోజునే ఆ మూడు వైర్లూ దింపించాను. ర్యాబిట్ కండక్టర్. 10 మిల్లీమీటర్లు, చిటికెన వేలంత కూడా ఉండదు. కూలీ నా జేబులోంచే ఇచ్చాను. దింపిన వైరును స్టోరులో జమ చేయడం కుదరలేదు.

ఆగస్టు 15న పరేడ్ గ్రౌండులో కలెక్టర్ గారు ప్రశంసాపత్రం ఇచ్చారు. ‘నిశితమైన దృష్టితో, సమయస్ఫూర్తితో ఐదుగురి ప్రాణాలను కాపాడినందుకు’ అని మైకులో చదివారు. మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతోపాటు ఆ కథ చెప్పేది. నేను పెరట్లోకి వెళ్లిపోయేవాణ్ని. సిగ్గరి అనుకునేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. నేను రిటైరయ్యాను. ఆయనా ఎగరడం మాని, కుర్ర పైలట్లకు పాఠాలు చెబుతున్నారు. 2025 మే 8న ఉత్తరకాశీ జిల్లా గంగనాని దగ్గర యాత్రికుల హెలికాప్టర్ కూలి ఆరుగురు చనిపోయారు. వాళ్లలో మన అనంతపురం ఆవిడ ఒకరు. రోడ్డు మీద దించబోతుండగా, రోడ్డు వెంబడే వెళ్తున్న ఫైబర్ కేబుల్ రెక్కకి తగిలిందని ప్రాథమిక నివేదిక వచ్చింది. అది చదివి ఆయన నాకు ఫోను చేశారు.

“ఏడీఈ గారూ, మీరొకసారి హైదరాబాద్ రావాలండి. ఈ పిల్లలకి వైరంటే భయం లేదు. మీరు కనబడి నాలుగు మాటలు చెబితే నేను నెల రోజులు చెప్పినదానికంటే ఎక్కువ.”

రానని చెప్పడానికి రెండు రోజులు కారణాలు వెతికాను. మూడో రోజు రైలెక్కాను.

చిన్న హాలు. ముప్ఫై మంది ఉంటారు. పైలట్లు, టవర్ లైన్లను గాల్లోంచి పరీక్షించే ఇంజనీర్లు కొందరు. ఆయన తెర మీద బొమ్మలు చూపిస్తూ చెబుతున్నారు. 2019 ఆగస్టు 21న అదే ఉత్తరకాశీలో, వరద బాధితులకు సామాను తీసుకెళ్లిన హెలికాప్టర్ లోయకి అడ్డంగా ఉన్న తీగకి తగిలి ముగ్గురు పోయారు. రెండు రోజులు తిరక్కుండానే అదే ప్రాంతంలో ఇంకో సహాయక హెలికాప్టర్ తీగ వల్లే అర్ధాంతరంగా దిగాల్సి వచ్చింది. అమెరికాలో మనుషులు లోహపు దారాల దుస్తులు తొడుక్కుని, హెలికాప్టర్ పక్కన బల్ల మీద కూర్చుని, లక్షల వోల్టుల లైనును సప్లై ఉండగానే ముట్టుకుని బాగు చేస్తారు. పిట్ట వాలినట్టు. వాళ్లనూ కరెంటుతో సమానంగా భయపెట్టేది రెక్కకీ వైరుకీ మధ్య దూరమే.

తర్వాత ఆయన ఒక అంకె రాసి ఆగారు. 63.

“ఆస్ట్రేలియాలో పొలాలకి మందు చల్లుతూ వైర్లకు తగిలిన పైలట్ల సంగతి అక్కడి రవాణా భద్రతా బ్యూరో ఆరా తీసింది. వాళ్లలో 63 శాతం మందికి ఆ వైరు అక్కడుందని ముందే తెలుసు. తెలియక కాదు. తెలిసీ, పనిలో పడి, ఆ క్షణానికి మర్చిపోయి తగిలారు.”

నా అరచేతులు చల్లబడ్డాయి.

చివరగా ఆయన మ్యాపు చూపించారు. ఇన్నేళ్లూ దాచుకున్నారు. మడతల దగ్గర చిరిగింది. ఎర్ర గీతలు కాస్త వెలిసినా నా సంతకం కుడి మూలన స్పష్టంగా ఉంది. పాయకి అడ్డంగా ఆయన తర్వాత గీసిన గీత కూడా ఉంది. నన్ను లేపి నిలబెట్టి, ఆ రోజు కథంతా చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. శిక్షణలో ఉన్న పైలట్. పాతికేళ్లు కూడా ఉండవు.

“సార్, ఒక సందేహం. ఇద్దరు పైలట్లకి కనబడలేదు. స్తంభాలు కూడా కప్పబడిపోయాయి. మీరు గీసిన మ్యాపులో ఆ లైను లేదు. మీరు వెనక సీట్లో ఉన్నారు. మరి మీకు ఎలా కనబడింది సార్? మేం దేన్ని చూడటం నేర్చుకోవాలి?”

నేను కళ్లజోడు తీశాను. ముందు వరస మొహాలు కరిగిపోయి, వెలుగు మచ్చలుగా మిగిలాయి.

“ఆ రోజు నాకు కనబడింది ఇంతేనమ్మా. ఇది నా చొక్కా జేబులో ఉంది.”

పైలట్ గారు నవ్వబోయి ఆగిపోయారు.

“మరి అక్కడ వైరుందని...”

“అంతకు ఆరేళ్ల ముందు ఆ సెక్షన్‌కి నేనే ఏఈని. లంక కోసుకుపోయి జనం వెళ్లిపోయాక ఆ లైను తీసేయమని ఆర్డరు వచ్చింది. కాంట్రాక్టరు పొలాల్లో ఉన్నదంతా పీకాడు. పాయ మీద స్పాను ఒక్కటీ మిగిలింది. ‘ఒక్కటే కదా సార్, ఏరు తగ్గాక నేను తీస్తాను, ఇవాళ బిల్లు పెట్టకపోతే డబ్బు మురిగిపోద్ది’ అన్నాడు. ఆ రోజు మార్చి 31. ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, నా చేత్తో రాశాను, ‘లైను పూర్తిగా తొలగించి, వైరు స్టోరుకు అప్పగించడమైనది’ అని.”

కళ్లజోడు పెట్టుకోకుండానే తెర వైపు తిరిగాను. ఆ మూలన ఏముందో నాకు కనబడనక్కర్లేదు.

“దాని కింద కూడా ఇదే సంతకం.”